విజయనగరం పదకొండుమంది

జట్టును కూర్చడంలో సాటిలేని ఒక రాకుమారుడు, జట్టును నడపడంలో ఎందుకు ఓడిపోయాడు?

జట్టుగా ఆడే ఏ క్రీడలోనైనా మైదానంలో సాగే ఆటకు ముందే మరొక ఆట నడుస్తుంది. ఎవరిని రప్పించాలి, ఎవరిని నిలుపుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, వచ్చినవారిలో ఎవరిని ఏ స్థానంలో దింపాలి అనే లెక్కలతో కూడిన ఈ తొలి ఆటను అమెరికావాసులు తమ బేస్‌బాల్‌లో దాదాపు ఒక శాస్త్రంగా పెంచి పోషించారు. అక్కడి మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఏ రోజుకారోజు బరిలోకి దిగే అర్హత ఉన్న 26 మంది పేర్ల పట్టికను రోస్టర్ అంటారు. ఆ పట్టికలో ఒకరిని చేర్చాలంటే మరొకరిని తప్పించక తప్పదు కనుక, తన ఆటగాణ్ని వేరొక జట్టుకిచ్చి అక్కడినుంచి తనకు కావలసినవాణ్ని తెచ్చుకునే మార్పిడి, అంటే ట్రేడ్, ఆటలో విడదీయరాని భాగమైపోయింది. ఆట లేని చలికాలంలో కూడా అక్కడి అభిమాని వార్తాపత్రిక తెరిచేది ఈ చేర్పులు, తీసివేతల కోసమే.

ఆ క్రీడలో పనుల విభజన కూడా స్పష్టంగా ఉంటుంది. డబ్బు పెట్టేవాడు యజమాని. ఆ డబ్బుతో ఆటగాళ్లను కూర్చేవాడు జనరల్ మేనేజర్. కూర్చిన జట్టును మైదానం అంచున కూర్చుని నడిపేవాడు మేనేజర్. మన కార్యాలయాల్లో మేనేజర్ అంటే వచ్చే అర్థం వేరు. బేస్‌బాల్‌లో ఆ మాట క్రికెట్ నాయకుడికీ శిక్షకుడికీ మధ్యనున్న ఒక పదవిని సూచిస్తుంది. ఐపీఎల్ వేలం వచ్చాక తెలుగు ప్రేక్షకులకు కూడా ఈ విభజన అలవాటైంది. 2008లో పట్టికలో అట్టడుగున నిలిచిన డెక్కన్ చార్జర్స్, మరుసటి ఏడాదే ఆడం గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో విజేత కావడంతో, నడిపే చేయి మారితే జట్టు రాత ఎంతగా మారుతుందో హైదరాబాదు అభిమానులు కళ్లారా చూశారు.

అయితే ఈ విద్య తెలుగునేలకు వేలంపాటతో వచ్చిన కొత్త సరుకేమీ కాదు. దాదాపు శతాబ్దం కిందటే విజయనగరం పేరు పెట్టుకున్న ఒక జట్టు, ప్రపంచంలోకెల్లా పేరున్న బ్యాటర్లను సముద్రం దాటించి రప్పించుకుంది. ఉత్తరాంధ్ర క్రీడాచరిత్రలో ఇది వింతగానే కనిపిస్తుంది. తాలింఖానాలు, సాముగరిడీలు, కుస్తీ గోదాల మీద పెరిగిన ఈ ప్రాంతపు కీర్తి ఎక్కువగా ఒంటరి బలశాలులది: వీరఘట్టానికి చెందిన కోడి రామమూర్తి నాయుడు గుండెబలం ఒక్కడిది, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి భుజబలం ఒక్కరిది. పదకొండుమందిని ఒకచోట చేర్చి ఒక్కటిగా ఆడించే కళకు ఇక్కడ గుర్తుగా నిలిచిన పేరు మాత్రం విజ్జీ. ఆ కళలో సగం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. మిగిలిన సగం ఆయనకు చివరిదాకా పట్టుబడలేదు. చరిత్ర రెండో సగాన్నే గుర్తుపెట్టుకుంది.

ఆస్థానం అలవాటు

విజ్జీగా ప్రపంచానికి తెలిసిన పూసపాటి విజయానంద గజపతిరాజు 1905 డిసెంబరు 28న పుట్టాడు. విజయనగరం పాలకుడు విజయరామ గజపతిరాజుకు ఆయన రెండో కుమారుడు కావడం వల్ల, 1922లో తండ్రి మరణించాక గద్దె అన్న అలక నారాయణ గజపతికి దక్కింది, తమ్ముడికి మహారాజ్‌కుమార్ అనే బిరుదూ కాశీలోని కుటుంబ ఆస్తులూ మిగిలాయి. పట్టం లేని రాకుమారుడు అనే ఈ స్థితిని గమనించకుండా ఆయన తరువాతి జీవితాన్ని అర్థం చేసుకోవడం కష్టం. విజయనగరం నిజానికి మద్రాసు రాష్ట్రంలోని ఒక జమీందారీయే తప్ప, పటియాలా, ఇండోర్‌ల మాదిరిగా సొంత పాలన ఉన్న సంస్థానం కాదు. ఆ జమీందారీలోనూ ఆయన వారసుడు కాడు. సంస్థానాధీశుల సరసన కూర్చోవడానికి ఆయనకు దొరికిన పీట క్రికెట్.

అజ్మీర్‌లోని మేయో కళాశాలలోనూ, ఇంగ్లండ్‌లోని హెయిలీబరీలోనూ చదివిన విజ్జీ టెన్నిస్‌లోనూ వేటలోనూ దిట్ట అనిపించుకున్నాడు. 1926లో సొంత క్రికెట్ జట్టును ఏర్పాటుచేసి, కాశీలోని తన భవనపు ఆవరణలోనే మైదానం కట్టించి, దేశంలోని మంచి ఆటగాళ్లను పిలిపించుకోవడం మొదలుపెట్టాడు. ఇది ఆయన కనిపెట్టిన పద్ధతి కాదు, ఇంట్లో చూసి పెరిగిన పద్ధతి. విజయనగరం కోట పండితులను, కవులను, గాయకులను ఏరి తెచ్చి పోషించిన చోటు; గురజాడ అప్పారావు అక్కడి పాలకుడు ఆనంద గజపతి ఆదరణలో ఉన్నవాడు; 1919లో నెలకొన్న సంగీత కళాశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడు, వయొలిన్ గురువు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఎక్కడ ప్రజ్ఞ ఉందో కనిపెట్టడం, దాన్ని మర్యాదగా రప్పించడం, వచ్చినవారికి లోటు లేకుండా చూడడం అనే మూడు పనుల్లో తరతరాల అనుభవమున్న ఇంటి బిడ్డ, తంబురా స్థానంలో బ్యాటును పెట్టాడు. తేడా ఒక్కటే. కచేరీలో రాజు ఎదుట కూర్చుని వినేవాడే గాని, గాయకుణ్ని పక్కకు జరిపి తానే పాట ఎత్తుకునేవాడు కాదు.

1930-31: ఆ ఒక్క సీజన్

ఏ అభిమానికైనా ఆ జట్టు చరిత్రలో మళ్లీమళ్లీ తిరగేయాలనిపించే పుట 1930-31 సీజన్. ఆ చలికాలంలో ఇంగ్లండ్ క్రికెట్‌కు పెద్దదిక్కయిన మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్, అంటే ఎంసీసీ, తన జట్టును భారతదేశానికి పంపవలసి ఉంది. 1930 మార్చి, ఏప్రిల్ నెలల దండి యాత్రతో దేశమంతా శాసనోల్లంఘన ఉద్యమం అంటుకోవడంతో ఆ పర్యటన రద్దయింది. రావలసిన జట్టు రాకపోయే ఖాళీలో, తన సొంత జట్టును భారతదేశమంతటా, సింహళంలోనూ తిప్పాలని విజ్జీ నిశ్చయించుకున్నాడు. దేశం ఉద్యమంలో ఉన్న వేళ ఒక రాకుమారుడికి ఈ సరదా ఏమిటని అడిగేవారి ప్రశ్న న్యాయమైనదే. ఆ ప్రశ్నకు విజ్జీ జీవితంలో ఎక్కడా తృప్తికరమైన జవాబు దొరకదు. అయినా జట్టు కూర్పు అనే కొలతతో చూస్తే, ఆ సీజన్‌లో ఆయన చేసిన పని ఈనాటి ఏ జనరల్ మేనేజరైనా అసూయపడదగినది.

ఆయన తెచ్చినవారు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్. ఇంగ్లండ్ తరఫున ఇన్నింగ్స్ ప్రారంభించిన ఈ జంట టెస్టుల్లో 38 సార్లు కలిసి దిగి 15 సార్లు వంద పరుగుల భాగస్వామ్యం దాటింది. జంటగా వారి సగటు 87 పైచిలుకు. భాగస్వామ్యం అంటే ఇద్దరు బ్యాటర్లు ఒకరు అవుటయ్యేలోపు కలిసి జోడించిన పరుగులు. ప్రారంభ జంటకు యాభై దాటిన సగటే గొప్పగా చెప్పుకునే ఆటలో ఈ అంకె ఎంతటిదో వేరే వివరించనక్కరలేదు. ఇటువంటి ప్రైవేటు ఆహ్వానాలను హాబ్స్ అంతకుముందు ఐదుసార్లు కాదన్నవాడు. ఆరోసారి విజయనగరం పిలుపుకు ఒప్పుకున్నాడు. 1930 ఆగస్టులో ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియాపై చివరి టెస్టు ఆడి, టెస్టు క్రికెట్‌నుంచి అప్పుడే తప్పుకున్న హాబ్స్‌కు ఆ డిసెంబరుకు 48 ఏళ్లు నిండాయి. సట్‌క్లిఫ్‌కు 36.

నలభై ఎనిమిదేళ్ల బ్యాటర్‌ను తెచ్చుకోవడం నేటి లెక్కల్లో మతిలేని కొనుగోలు. బేస్‌బాల్ విశ్లేషకులైతే ఆటగాడి వయసు ముప్పై దాటగానే ధర తగ్గిస్తూ పోతారు. కానీ విజ్జీ లెక్క వేరు. పత్రికలో అంకెలుగా మాత్రమే తెలిసిన హాబ్స్ కాలికదలిక, బంతి వచ్చేదాకా ఆగే ఓర్పు, సట్‌క్లిఫ్ మొండి నిబ్బరం, అప్పట్లో చాలాచోట్ల నారచాప పరిచి ఆడే పిచ్‌లపై భారతీయ కుర్రాళ్ల కళ్లెదుట నిలిచాయి. ఆ కుర్రాళ్లలో ఒకడు ఆ డిసెంబరులోనే పదహారేళ్లు నిండిన ఇండోర్ బాలుడు సయ్యద్ ముష్తాక్ అలీ. అతడు ఇంకా బడిలో చదువుతుండగానే విజ్జీ అతణ్ని కాశీకి రప్పించి శిక్షణ ఇప్పించాడు. పట్టికలో ఒక కొసన నలభై ఎనిమిదేళ్ల హాబ్స్, మరో కొసన పదహారేళ్ల ముష్తాక్ అలీ. వృద్ధుడి కీర్తి టిక్కెట్లు అమ్మిపెట్టగా, ఆ నీడలో కుర్రవాడు ఆట నేర్చాడు. ఈనాటి జట్లు కోట్లు పోసి పెట్టుకునే అకాడమీల పనిని ఆ కాశీ ఆవరణ తనకు తెలియకుండానే చేసింది.

జట్టు గెలిచింది కూడా. హైదరాబాదు రాజ్యంలో అప్పటి ప్రతిష్ఠాత్మక పోటీ అయిన మొయినుద్దౌలా స్వర్ణ కప్పు ఆ సీజన్‌లో విజయనగరం జట్టుకే దక్కింది. కొన్నేళ్ల తరువాత వెస్టిండీస్ ఆల్‌రౌండర్ లియరీ కాన్‌స్టంటైన్‌ను సైతం విజ్జీ భారతదేశానికి రప్పించాడు. బంతి వేయడంలోనూ, కొట్టడంలోనూ, పట్టడంలోనూ ఒకేలా మెరిసే కాన్‌స్టంటైన్ లాంటివాణ్ని ఎంచుకున్నవాడికి ఆటపై కన్ను లేదనడం అన్యాయం.

ఆ కన్నుకు మరో నిదర్శనం 1933-34 సీజన్‌లో కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో బాడీలైన్ వ్యూహంతో, అంటే బ్యాటర్ దేహంవైపు వేగంగా బంతులు విసిరించే పద్ధతితో ప్రపంచాన్ని అట్టుడికించిన డగ్లస్ జార్డిన్, ఆ చలికాలం ఎంసీసీ జట్టును భారతదేశానికి తెచ్చాడు. మూడు టెస్టుల సిరీస్‌ను గెలిచి వెళ్లిన ఆ జట్టుకు దేశంలో ఎదురైన ఏకైక ఓటమి కాశీలో, విజయనగరం జట్టు చేతిలో, 14 పరుగుల తేడాతో. దేశపు జట్టుకు సాధ్యం కానిది ఒక ప్రైవేటు జట్టుకు సాధ్యమైంది. విజ్జీ కథ ఇక్కడితో ముగిసిపోయి ఉంటే, విజయనగరంలో ఆయన బొమ్మకు ఈనాటికీ దండలు పడేవి.

పట్టిక పై వరుసలో తన పేరు

సొంత జట్టుకు సొంతదారుడే నాయకుడు కావడం ఆ రోజుల్లో ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. ఇంటి పెళ్లిలో ఇంటాయనే పెద్ద. చిక్కల్లా ఆ మర్యాద దేశపు జట్టుకు కూడా వర్తిస్తుందని విజ్జీ నమ్మడంలో వచ్చింది. భారత క్రికెట్ బోర్డుకు 50,000 రూపాయల విరాళమిచ్చాక 1932 ఇంగ్లండ్ పర్యటన జట్టులో ఆయనకు ఉపనాయకుడి కింది పదవి ఒకటి దక్కింది. ఆరోగ్యమూ ఆటతీరూ బాగోలేవంటూ ఆయన ఆ పర్యటననుంచి తప్పుకున్నాడు. ఆ జట్టు నాయకుడు పోర్‌బందర్ మహారాజు తన ఆట సంగతి తనకు తెలిసినవాడు కనుక, లార్డ్స్‌లో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు నాయకత్వాన్ని కల్నల్ సి.కె. నాయుడికి వదిలి పక్కకు తప్పుకున్నాడు. పక్కకు తప్పుకోవడం కూడా ఒక జట్టు మార్పే. ఆ పర్యటనలో అన్నిటికంటే విలువైన మార్పు అదే.

తరువాతి మూడు నాలుగేళ్లు వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు అభిమానం కోసం జరిగిన పోటీలో గడిచాయి. ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో వైస్రాయి పేరిట విజ్జీ పెవిలియన్ కట్టించాడు. 1934లో జాతీయ పోటీ మొదలైనప్పుడు విల్లింగ్డన్ పేరుతో బంగారు ట్రోఫీ ఇవ్వబోతే, పటియాలా మహారాజు భూపీందర్ సింగ్ పైచేయి సాధించి దానికి రంజీ పేరు నిలిపాడు. ఈ దర్బారు రాజకీయాల వివరాలు ఆటకంటే పొడవైనవి, ఆటకంటే చప్పనివి. ఫలితం మాత్రం చెప్పుకోదగ్గది: 1936 ఇంగ్లండ్ పర్యటనకు పటౌడీ నవాబు పోటీనుంచి వైదొలగాక, నాయకుడిగా మహారాజ్‌కుమార్ ఎన్నికయ్యాడు. అప్పటికి నలభై ఏళ్లు నిండిన సి.కె. నాయుడు, ఆయన కింద ఆడవలసి వచ్చింది. నాగపూరులో పుట్టిన తెలుగువాడు, మచిలీపట్నం మూలాలున్న కుటుంబంవాడు అయిన నాయుడూ, విజయనగరం రాకుమారుడూ ఒకే జట్టులో ఎదురెదురు శిబిరాలుగా నిలవడం తెలుగువారి క్రికెట్ కథలోని మొదటి విషాదం.

36 పెట్టెల సామానుతో, ఇద్దరు సేవకులతో విజ్జీ ఓడ ఎక్కాడని ఆ పర్యటన గురించి రాసిన ప్రతివారూ చెబుతారు. నవ్వు పుట్టించే ఆ సామాను సంగతి కంటే, జట్టు పట్టికలో ఉన్న సరుకు ఎంతటిదో చూడడం మేలు. వేగంలో మహమ్మద్ నిసార్, అమర్ సింగ్. బ్యాటింగ్‌లో విజయ్ మర్చంట్, నాయుడు, ముష్తాక్ అలీ. రెంటిలోనూ లాలా అమర్‌నాథ్. 1933 డిసెంబరులో బొంబాయిలో భారతదేశపు తొలి టెస్టు శతకం కొట్టిన అమర్‌నాథ్, ఈ పర్యటనలో ఎసెక్స్ కౌంటీపై ఒకే మ్యాచ్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ శతకాలు చేసి భీకరమైన ఊపులో ఉన్నాడు. కౌంటీ అంటే ఇంగ్లండ్‌లో జిల్లా పేరిట ఆడే జట్టు. అటువంటి ఆటగాణ్ని తొలి టెస్టుకు కొద్దిరోజుల ముందు ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్ జరుగుతుండగా, ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా కూర్చున్న అమర్‌నాథ్‌ను ఆపి వేరేవారిని ముందు దింపడం, అతడు కోపంతో డ్రెస్సింగ్ గదిలో సామాను విసిరి పంజాబీలో నాలుగు మాటలనడం, నాయకుడూ జట్టు మేనేజర్ మేజర్ బ్రిట్టన్-జోన్స్ కలిసి దాన్ని క్రమశిక్షణ భంగంగా తేల్చడం చకచకా జరిగిపోయాయి. జట్టులోంచి ఒకరిని తీసేస్తే ఎవరిని తెచ్చుకోవాలనేదే ఏ రోస్టర్ మార్పుకైనా మొదటి ప్రశ్న. ఈ తీసివేతలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

దాని వెల లార్డ్స్‌లో తెలిసింది. జూన్ చివరివారంలో జరిగిన ఆ తొలి టెస్టులో 147 పరుగులే చేసిన భారత జట్టు, అమర్ సింగ్ 35 పరుగులకు 6 వికెట్లు కూల్చడంతో ఇంగ్లండ్‌ను 134కే కట్టడిచేసి 13 పరుగుల ఆధిక్యం సంపాదించింది. ఇంగ్లండ్ గడ్డపై ఆధిక్యం దొరికిన ఆ క్షణాన, నిలబడి ఆడగల ఒక బ్యాటర్ ఉంటే కథ ఎటు తిరిగేదో చెప్పలేం. రెండో ఇన్నింగ్స్‌లో జట్టు 93కే కుప్పకూలి తొమ్మిది వికెట్ల తేడాతో ఓడింది. నిలబడగల ఆ బ్యాటర్ అప్పటికి ఇంటిదారిలో ఉన్నాడు.

మాంచెస్టర్‌లో జరిగిన రెండో టెస్టు మాత్రం విజ్జీ పెట్టుబడి పండిన చోటు. ఇంగ్లండ్ 571 పరుగులకు 8 వికెట్ల వద్ద ఆట చాలించాక, 368 పరుగుల వెనుకబాటుతో దిగిన మర్చంట్, ముష్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. 112 పరుగులు చేసిన ముష్తాక్ అలీ విదేశంలో టెస్టు శతకం చేసిన తొలి భారతీయుడయ్యాడు. మర్చంట్ 114 చేశాడు. రెండు జట్లూ కలిసి ఆ రెండో రోజున చేసిన 588 పరుగులు టెస్టు చరిత్రలో ఒకరోజు రికార్డుగా నిలిచాయి, మ్యాచ్ డ్రా అయింది. కాశీ ఆవరణలో హాబ్స్‌ను చూసి పెరిగిన కుర్రవాడు, మొదట ఎడమచేతి స్పిన్ బౌలర్‌గా జట్టులోకి వచ్చినవాడు, ఆరేళ్లు తిరిగేసరికి హాబ్స్ దేశంలోనే ఇన్నింగ్స్ ప్రారంభించి శతకం కొట్టడం కంటే ఒక జట్టు నిర్మాతకు గొప్ప సర్టిఫికెట్ ఏముంటుంది? అయితే అదే ఇన్నింగ్స్‌లో మర్చంట్‌ను రనౌట్ చేయించమని ముష్తాక్ అలీకి నాయకుడు బంగారు గడియారం ఆశచూపాడనే కథ కూడా తరాలుగా చెప్పుకుంటున్నారు. చివరిదైన ఓవల్ టెస్టులో బాకా జిలానీకి చోటు దక్కడానికి కారణం అతడు అల్పాహారం బల్ల దగ్గర నాయుణ్ని అవమానించడమే అనేది అదే కోవలోని మరో కథ. ఈ కథల్లో నిజం పాలు ఎంతైనా కానీ, నాయకుడి గురించి ఇటువంటివి నమ్మశక్యంగా తోచాయంటే జట్టు అప్పటికే రెండుగా చీలిపోయిందన్నమాట. ఓవల్‌లో దెబ్బతిని కూడా 81 పరుగులు చేసిన నాయుడికి అదే చివరి టెస్టు. అక్కడా ఇంగ్లండ్ తొమ్మిది వికెట్లతోనే గెలిచింది.

నాయకుడి సొంత ఖాతా తేల్చడానికి ఎక్కువ కాగితం అక్కర్లేదు: మూడు టెస్టులు, 33 పరుగులు, సగటు 8.25. పర్యటన సాగుతుండగానే బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదునిచ్చింది. 1937 జనవరిలో బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ నేతృత్వంలోని విచారణ సంఘం అమర్‌నాథ్‌ది తప్పు కాదని తేల్చి, ఫీల్డర్లను నిలపడం, బౌలర్లను మార్చడం నాయకుడికి తెలియలేదనీ, బ్యాటింగ్ వరుసకు ఒక క్రమమే లేదనీ నివేదించింది. బోమాంట్ పట్టుకున్న లోపాలన్నీ నడిపే చేతికి చెందినవి. కూర్చే చేతిని ఆ నివేదిక తప్పుపట్టవలసిన అవసరమే రాలేదు.

యజమాని గడప దాటితే

ఈ లోపం విజయనగరానికో, రాజులకో మాత్రమే చెందినది కాదు. 1977లో అమెరికాలోని అట్లాంటా బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టు వరుసగా 16 మ్యాచ్‌లు ఓడినప్పుడు, దాని యజమాని, టెలివిజన్ వ్యాపారి టెడ్ టర్నర్, మేనేజర్‌ను కొన్నాళ్లు పక్కకు పంపి మే 11న తానే యూనిఫాం తొడుక్కుని ఆ స్థానంలో కూర్చున్నాడు. పిట్స్‌బర్గ్‌తో జరిగిన ఆ మ్యాచ్ కూడా 2-1తో పోయింది. జట్టులో వాటా ఉన్నవాడు మేనేజర్ కాకూడదనే నిబంధనను చూపి లీగ్ అధ్యక్షుడు మరుసటి రోజే ఆయనను దింపేశాడు. 1936లో లండన్‌లో ఉన్న భారత జట్టుకు అటువంటి లీగ్ అధ్యక్షుడు లేడు. ఉన్న బోర్డు విజ్జీ విరాళాలకు కృతజ్ఞతతో ఉంది.

యజమానీ మేనేజరూ ఒకరే అయితే నష్టమేనా అంటే, కాదనడానికి ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టును 1901 నుంచి 1950 దాకా యాభై సీజన్లు నడిపిన కొనీ మాక్ ఉన్నాడు. జట్టులో వాటాదారుడైన మాక్, సరిగ్గా విజ్జీ హాబ్స్‌ను రప్పించిన 1930లోనే వరుసగా రెండో ప్రపంచ సిరీస్ గెలిచాడు; ఆర్థికమాంద్యం ముదిరి ఖజానా ఖాళీ కాగానే ఆ విజేత జట్టులోని మేటి ఆటగాళ్లను ఒక్కొక్కరిగా అమ్మేసుకున్నాడు. కానీ మాక్ స్వయంగా చాలాకాలం బంతులు పట్టిన మాజీ క్యాచర్. పైగా సూటు వేసుకుని బెంచీ మీదే కూర్చున్నాడు తప్ప బ్యాటు పట్టుకుని దిగలేదు.

అంత దూరం పోనవసరం లేని ఉదాహరణ ఇండోర్‌లో ఉంది. హోల్కర్ మహారాజు యశ్వంతరావు కూడా విజ్జీ లాగే ఆటగాళ్లను ఏరి తెచ్చాడు. యుద్ధకాలంలో భారతదేశంలో సైనికుడిగా ఉన్న ఇంగ్లండ్ బ్యాటర్ డెనిస్ కాంప్టన్ 1944-45 రంజీ ఫైనల్‌లో హోల్కర్ తరఫున 249 పరుగులతో అజేయంగా నిలిచాడంటే ఆ జట్టు కూర్పు ఎంత విశాలమైనదో ఊహించవచ్చు. అయితే కూర్చిన జట్టును ఆ మహారాజు సి.కె. నాయుడి చేతిలో పెట్టి తాను వెనక్కి జరిగాడు. నాయుడి నాయకత్వంలో, ముష్తాక్ అలీ ఆడగా, హోల్కర్ 1945-46 నుంచి 1952-53 లోపు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. ఇంగ్లండ్‌లో విజ్జీ కింద ఉన్న ఇద్దరు మనుషులే ఇక్కడా ఉన్నారు. పైనున్న చేయి మాత్రం వేరు.

విజ్జీ ఈ పాఠం నేర్చాడా అన్న ప్రశ్నకు జవాబు ఆయన మలివయసులో కొంత దొరుకుతుంది. 1936 తరువాత ఆయన టెస్టు ఆడలేదు. 1947లో సర్ బిరుదును వదులుకున్నాడు, 1954లో క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యాడు. ఆ దశకం మధ్యలో దేశపు ఎంపిక సంఘానికి అధ్యక్షత వహించింది లాలా అమర్‌నాథ్ అంటే, లండన్‌నుంచి వెనక్కి పంపబడిన మనిషి కూర్చిన జట్లకు, పంపిన మనిషి అధిపతిగా ఉన్నాడన్నమాట. ఉత్తరప్రదేశ్ క్రికెట్‌కు పెద్దదిక్కుగా ఉన్న కాలంలో విజ్జీ చేసిన చివరి గొప్ప చేర్పు మరీ చిత్రమైనది: 1956-57 రంజీ సీజన్‌లో ఆ రాష్ట్ర జట్టులోకి 61 ఏళ్ల సి.కె. నాయుణ్ని రప్పించాడు. ఇరవై ఏళ్ల కిందట ఎవరి పైన తాను నాయకుడిగా కూర్చున్నాడో, ఆయన్నే ఈసారి నాయకుడిగా పిలిచాడు. మూడేళ్ల ముందు, 1953-54లో, కొత్తగా ఏర్పడిన ఆంధ్ర క్రికెట్ సంఘపు తొలి రంజీ జట్టుకు కూడా ఈ నాయుడే నాయకుడు కావడం గమనించదగ్గది; తెలుగువారి తొలి జట్టుకు నాయకత్వం వహించమని పిలుపు వెళ్లింది కోటలోని రాకుమారుడికి కాదు.

1958లో పద్మభూషణ్ పొందిన విజ్జీ, 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై, 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశాడు. విశ్వవిద్యాలయాల జోన్ జట్ల మధ్య జరిగే విజ్జీ ట్రోఫీ ఆయన పేరనే నడుస్తున్నది. విజయనగరంలో విజ్జీ స్టేడియం ఉంది. ఆయన అన్న అలక నారాయణ గజపతి పేరిట ఆ అన్న కుమారుడు పి.వి.జి. రాజు 1958లో స్థాపించిన మాన్సాస్ సంస్థ కోటలో విద్యాలయాలు నడుపుతున్నది, పి.వి.జి. రాజు పేరుతోనే పట్టణంలో క్రికెట్ మైదానం వెలిసింది. ఈ మైదానాల్లో ప్రాక్టీసు చేసే పిల్లల్లో విజ్జీ గురించి తెలిసినవారు ఉంటే గింటే 8.25 సగటు గురించే తెలిసి ఉంటారు.

ఆ 1930-31 సీజన్ మాత్రం ఇంకొకచోట చెక్కుచెదరకుండా ఉంది. మూడు లేక అంతకంటే ఎక్కువ రోజులు సాగే ఉన్నతస్థాయి మ్యాచ్‌లను ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లంటారు. ఒక ఆటగాడి జీవితకాలపు పరుగులు, శతకాలు లెక్కకట్టేది వాటితోనే. విజయనగరం జట్టు పర్యటనలోని మ్యాచ్‌లు ఆ స్థాయివేనా కావా అన్నది క్రికెట్ గణకులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాని విషయం. విజ్డెన్ వార్షిక గ్రంథం కాదంటుంది, క్రికెట్ గణకులు, చరిత్రకారుల సంఘం ఔనంటుంది. అందువల్ల ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఫస్ట్‌క్లాస్ శతకాలు చేసిన జాక్ హాబ్స్ ఒక పుస్తకంలో 197 శతకాలతోనూ, మరొక పుస్తకంలో 199 శతకాలతోనూ ఉంటాడు. సట్‌క్లిఫ్ ఒకచోట 149, మరొకచోట 151. ఇద్దరి ఖాతాల్లోనూ తేడా సరిగ్గా రెండేసి శతకాలు, అవి విజయనగరం పదకొండుమందిలో ఇద్దరిగా నిలిచి కొట్టినవి.